మగ్గం గదిలో అర చుట్టు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ వాక్యం రాసి, పెన్ను పక్కన పెట్టి, మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. కొట్టేయాలనిపించలేదు. ఇప్పటికీ లేదనే అంటాను. కానీ ఎమ్మిగనూరులో మా అక్క ఇంట్లో జరిగింది మాత్రం జరిగింది.

నేను ఆదోనిలో ఉంటాను. ఇళ్ళకూ దుకాణాలకూ దొంగల అలారాలు, కెమెరాలు బిగించడం నా పని. పదో తరగతి తప్పాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే. కరెంటు, అయస్కాంతం, ధ్వని, మనిషి మెదడు తనను తాను మోసం చేసుకునే తీరు, వీటి మీద తెలుగులో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. అట్టలూడిన సైన్సు పుస్తకాలను నేనే జిగురు పెట్టి అతికించి తిరిగి ఇచ్చేవాణ్ణి. పాత ఇంట్లో వినిపించే అడుగుల చప్పుడు పగలంతా ఎండకు సాగిన దూలాలు చల్లబడి ముడుచుకోవడం వల్ల వస్తుందని ఇరవై ఏళ్ళ కిందటే చదివి, వాదనకు దిగిన ప్రతివాడికీ చెప్పాను.

నా వృత్తి కూడా ఆ చదువుకు తగ్గట్టే దొరికింది. అలారం డబ్బాలో ట్యాంపర్ అని ఒకటి ఉంటుంది. వేలిగోరంత మీట. మూత బిగించి ఉన్నంతసేపూ అది అణిగి ఉంటుంది. దొంగ తెలివిగా మూత తీసి లోపలి తీగ కత్తిరించబోతే మీట పైకి లేస్తుంది, సైరన్ మోగుతుంది. ఇంట్లో మనుషులున్నా లేకున్నా అది ఇరవై నాలుగు గంటలూ మేలుకొనే ఉంటుంది. ఎవరూ ముట్టకుండానే అది మోగితే నన్ను పిలుస్తారు.

ఆలూరులో ఒక ఇంట్లో రోజూ మోగేది. మూత కింద బల్లి గుడ్లు పెట్టింది. ఆదోనిలో పత్తి లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇంకో ఇల్లు. లారీ పోయినప్పుడల్లా గోడ అదిరి మూత బిగించిన మర వదులయ్యేది. ఊరికే మోగే అలారం అంటూ లేదు, కారణం ఇంకా దొరకని అలారమే ఉంది. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నా సొంత మాట. దీన్ని చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను.

ఇప్పుడు మా బావ గురించి చెప్పాలి. ఆయన లేకుండా ఈ కథ లేదు.

మా బావ ఈరన్న నేతగాడు. నేను పది తప్పి, నాన్న ముందు నిలబడలేక అక్క ఇంటికి పారిపోయి వస్తే ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. రెండో రోజు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళోని లైబ్రరీకి తీసుకుపోయాడు. పూచీ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయనకు సంతకం వచ్చు, చదవడం అంతంతమాత్రం.

"పరీచ్చ తప్పినావు, సరే. సదివేది ఎవురొద్దన్నారు బామ్మర్దీ?" అన్నాడు. నా చదువంతా ఆ మాట మీద నిలబడింది.

మధ్యాహ్నాలు నేను మగ్గం గుంట అంచున కూర్చుని పైకి చదివేవాణ్ణి. ఆయన అడ్డదారం మోసే నాడె ఆడిస్తూ వినేవాడు. చంద్రుడి మీద గాలి లేదని చదివిన రోజు నాడె ఆపి, "అట్లయితే ఆడ గంజి పెట్టిన పడుగు ఆరేదెట్లప్పా?" అని నిజంగానే దిగులుపడ్డాడు.

గుంట మగ్గంలో పడుగును, అంటే నిలువు దారాలను, ఒక తాడు లాగి పట్టుకుని ఉంటుంది. తాడు కొస ఒక కొయ్యకు చుట్టి ఉంటుంది. చీకటి పడుతూ దారం రంగు సరిగా ఆనకపోతే మా బావ పని ఆపేవాడు. లైటు కింద నేసేవాడు కాదు, లైటు కింద రంగు అబద్ధం చెబుతుందనేవాడు. పని ఆపగానే ఆ తాడును కొయ్య మీద అర చుట్టు వదిలి, అప్పుడు గుంటలోంచి లేచేవాడు. రాత్రంతా బిగిసి ఉంటే దారాలు అలిసిపోయి పొద్దున తెగుతాయి. ఇది నేతగాళ్ళందరికీ తెలిసిందే. మా బావకు మాత్రం ఇది మగ్గం దగ్గర ఆగలేదు. నేను పని నేర్చుకునే రోజుల్లో నా రంపానికి బ్లేడు బిగించే నట్టును కూడా సాయంత్రం అర చుట్టు వదిలేసేవాడు. పొద్దున నేను గొణుక్కుంటూ మళ్ళీ బిగించుకునేవాణ్ణి.

"పనాగినంక దేన్నీ బిగబట్టి పెట్టగూడదురా. అది గుడక ఊపిరి పీల్సుకోవల్ల," అనేవాడు.

కొన్నేళ్ళ తర్వాత పనిముట్ల మీద ఒక పుస్తకంలో అదే చదివాను. పని అయ్యాక రంపం బ్లేడును సడలించి ఉంచాలట. పరుగున పోయి చెప్పాను. మా బావ లోపలికి కేకేశాడు. "సూడుమే! నా మాట పుస్తకంలో అచ్చేసినారంట!" వారం రోజులు ఆ వీధిలో ఎవరు కనబడినా చెప్పాడు.

పోయిన ఏడాది ఉగాదికి ముందు ఆయన గుండె ఆగి పోయాడు.

మా అక్క గంగమ్మ అంతవరకూ మగ్గం మీద కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు ఆయన పక్కన కండెలు చుట్టింది, దారాలు అతికింది, అంతే. మూడు నెలలు గడిచాక తనే గుంటలోకి దిగింది. నేను ఆదోనికి వచ్చి ఉండమన్నాను. "మగ్గం ఆడ్తాంటే ఇంట్లో మనిషున్నట్ల ఉంటాదిరా," అంది. చేయి కుదరడానికి చాలా రోజులు పట్టింది. బావకు పని ఇచ్చిన సావుకారే ఆమెకూ పట్టు పడుగు ఇచ్చాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ వీధిలో రెండిళ్ళలో పట్టు, జరీ దొంగతనం జరిగింది. అలారం ఉంటేనే సరుకు ఇంట్లో ఉంచుతానని సావుకారు అన్నాడు. నేనే పోయి బిగించాను. తలుపుకు ఒకటి, వసారాలో ఒకటి, మగ్గం గదిలో మనిషి కదలికను పట్టే డబ్బా ఒకటి. ఇది మగ్గానికి పైన, బావ కూర్చునే చోటికి కుడివైపు గోడ మీద. కబురు నా ఫోనుకు కూడా వచ్చేట్టు పెట్టాను.

బిగించిన మరునాడే, దసరా అయిన వారానికి, మొదలైంది. సాయంత్రం ఆరు దాటి కొద్ది నిమిషాలకు సైరన్. ఫోనులో చూస్తే, మగ్గం గది, ట్యాంపర్. అక్క వంటింట్లో ఉంది. గదిలో ఎవరూ లేరు. మరుసటి రోజూ అదే వేళకు. ఆ మరుసటి రోజూ అంతే.

నేను పద్ధతి ప్రకారం పోయాను. ముందు బ్యాటరీ చూశాను, బాగుంది. మూత తీసి దూది దుమ్ము ఊదాను. మట్టిగోడ ఎగుడుదిగుడు కాబట్టి డబ్బా వెనక రబ్బరు ముక్క పెట్టి సమం చేశాను. మోగింది. మీట మార్చాను. మోగింది. ఆఖరికి వసారాలో డబ్బాను ఇక్కడికి, ఇక్కడి డబ్బాను వసారాకు మార్చాను. లోపం డబ్బాదైతే డబ్బాతో పాటు పోవాలి. పోలేదు. వసారా ఊరుకుంది, మగ్గం గది మోగింది.

పక్కింటి హుసేన్ బీ దీన్ని గడియారం కింద వాడుకోవడం మొదలుపెట్టింది. "మీ తమ్ముడు బలే పెట్టె పెట్టినాడు గంగక్కా. అది కూసిందంటే నేను ఎసరు పెట్టేది. మా ఇంట్లో ఇప్పుడు బువ్వ టయానికి అయితాంది," అని గోడ మీదుగా నవ్వేది.

సావుకారు మాత్రం నవ్వలేదు. కార్తీక మాసం మొదట్లో వచ్చి వసారాలో నిలబడే మాట్లాడాడు. "ఏమప్పా, రోజూ మొరిగే కుక్కను ఎవురు నమ్ముతారు? రేపు నిజంగా దొంగ వస్తే ఈదిలో ఒగడన్నా లేసి సూస్తాడా? పున్నమి లోపల సరిజెయ్. లేదంటే నేను పడుగు కోసుకొని పోతా. గంగమ్మా, ఈరన్న మీద గౌరవం యాడికీ పోలేదు, సరుకు నాది గుడక కాదు."

నేతిల్లు తెలిసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. సగం నేసిన పడుగును మగ్గం మీదే కోసి పట్టుకుపోవడమంటే ఆ ఇంటికి ఇక పని లేదని వీధికి చెప్పడమే. అక్క లోపలికి పోయి గుంటలో కూర్చుంది. చాలాసేపు నాడె చప్పుడు వినబడలేదు.

అప్పుడు నేను రెండు పనులు చేశాను. మూతను పట్టుకునే రెండు మరల తలల మీదుగా డబ్బా పైకి సాగేట్టు గోళ్ళరంగుతో సన్నని గీత గీశాను. మర ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. ఎదురుగోడకు అచ్చం అలాంటిదే ఇంకో డబ్బా బిగించి దానికీ గీతలు గీశాను. మగ్గం అదురు వల్లనే అయితే రెండూ వదులు కావాలి. చలికి ప్లాస్టిక్ ముడుచుకోవడం వల్లనైనా రెండూ మోగాలి.

మరునాడు ఎదురుగోడ డబ్బా గీతలు గీసినట్టే ఉన్నాయి. మగ్గం పక్క డబ్బాకు రెండు గీతలూ విరిగాయి. రెండు మరలూ వెనక్కి తిరిగి ఉన్నాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కాదు. రెండూ సరిగ్గా అర చుట్టు.

మళ్ళీ బిగించి, గీత గీశాను. మళ్ళీ అర చుట్టు. అంతకు ముందు దీపావళి అమావాస్య నాడు ఒక్కరోజే మోగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అమావాస్యకు నేతగాళ్ళు మగ్గం ఆడించరు. కాబట్టి అదురే కారణమని నా మనసు మళ్ళీ అటే లాగింది. కానీ అదురు మరను మెల్లగా, ఇష్టం వచ్చినంత వదులు చేస్తుంది. రోజుకు అర చుట్టు అని కొలిచి తిప్పదు.

సిగ్గుపడుతూ రాస్తున్నాను, అక్క మీద కూడా అనుమానపడ్డాను. అలారం మోగితే నేను వస్తున్నాను. వచ్చినప్పుడల్లా నాకు ఇష్టమని బొరుగులతో ఉగ్గాని చేసి పెడుతోంది. ఒంటరి మనిషి, తమ్ముడి కోసం ఒక మర తిప్పిందేమో అనుకున్నాను. చెప్పకుండా ఒక చిన్న కెమెరా పెట్టాను. మూడు సాయంత్రాలు చూశాను. అక్క గుంటలోంచి లేస్తుంది, వెన్ను పట్టుకుంటుంది, వంటింట్లోకి పోతుంది. గది ఖాళీ. కిటికీ వెలుతురు తగ్గుతుంది. సైరన్. అంతే. మరలు డబ్బా అడుగున ఉండటం వల్ల అవి తిరగడం కెమెరాకు కనబడలేదు. కెమెరాను ఇంకొంచెం కిందికి పెట్టి ఉండాల్సింది. ఆ తప్పుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ మూడు రోజుల వేళలు రాసుకున్నప్పుడు ఇంకోటి గమనించాను. దసరా తర్వాత ఆరు దాటాక మోగేది, ఇప్పుడు ఆరు కొట్టకముందే మోగుతోంది. మబ్బు పట్టిన రోజు ఇంకా ముందు. అది గడియారాన్ని అనుసరించడం లేదు, వెలుతురును అనుసరిస్తోంది.

పున్నమి నాలుగు రోజులుందనగా ఒక పొద్దున మళ్ళీ పోయాను. నేను డబ్బా కింద నిలబడి మరను అర చుట్టు బిగిస్తున్నాను. నా కాళ్ళ దగ్గర గుంటలో అక్క తెగిన దారాలు ఒక్కొక్కటే అతుకుతూ సావుకారును తిడుతోంది.

"ముక్కిపోయిన పట్టు ఇచ్చినాడు, ఇంగ నామీద అరుస్తాడు. పొద్దున లేస్తే ఇదే బతుకు నాకు. మీ బావ ఉన్నప్పుడు ఒగ దారమన్నా తెగిందా?"

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ క్షణంలో నాకు నా రంపం గుర్తొచ్చింది.

"అక్కా, సాయంత్రం లేసేటప్పుడు పడుగు సడలిస్తాండావా?"

అక్క తల ఎత్తలేదు. కొయ్యకు చుట్టిన తాడు వైపు చూసింది. "అది మీ బావ పని గదరా," అంది.

నేను ఆమెను తప్పు పట్టలేను. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో పనులు అలాగే పంచుకున్నారు. అమావాస్యకు మగ్గం తుడిచి, పడుగు పూర్తిగా వదిలి, దీపం పెట్టడం ఆమె పని. అది మరిచిపోలేదు. రోజూ సాయంత్రం అర చుట్టు వదలడం ఆయన పని. ఆ వేళకు ఆమె పొయ్యి దగ్గర ఉండేది. గుంటలోకి దిగినప్పుడు నేత నేర్చుకుంది, బరువు మోసింది, కానీ ఆయన వాటా పనిలో ఈ ఒక్కటి తన చేతికి రానేలేదు.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా అక్క తాడును అర చుట్టు వదిలి, గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన వసారాలో కూర్చుంది. ఆరు అయింది. ఆరుంబావు అయింది.

గోడ పక్క నుంచి హుసేన్ బీ గొంతు వచ్చింది. "ఏం గంగక్కా, మీ పెట్టెకు ఈ పొద్దు జరమొచ్చిందా? నేను ఎసరు పెట్టల్లనా వద్దా?"

అక్క నవ్వింది. బావ పోయిన తర్వాత ఆమె పెద్దగా నవ్వడం నేను అదే వినడం. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

పొద్దున ఒక్క దారం తెగలేదు. నాలుగు రోజులూ అలారం మోగలేదు. మరల మీద గీతలు చెక్కుచెదరలేదు. పున్నమికి సావుకారు వచ్చి నేసినంత మేర చేత్తో తడిమి చూశాడు. "ఇది అయినంక ఇంగో పడుగు ఏస్తాలే," అని పోయాడు.

కానీ నేను సైన్సు చదివినవాణ్ణి. ఒకసారి ఆగిపోతే రుజువు కాదు. ఒక్క సాయంత్రం పడుగు సడలించకుండా వదిలేసి చూద్దామని అక్కను అడిగాను. ఆమె నన్ను ఎంత కోపంగా చూసిందంటే, చిన్నప్పుడు పరీక్ష తప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

"సచ్చిపోయినంక గుడక ఆయప్పకు పరీచ్చ పెడ్తావారా?"

మళ్ళీ అడగలేదు.

ఆ పరీక్ష మార్గశిరంలో దానంతటదే జరిగింది. మా చిన్నమ్మాయికి చెవులు కుట్టించాం. మేనత్త కాబట్టి అక్క రావాలి. పొద్దున కొంచెంసేపు నేసి, బస్సు వేళయిందని గబగబా తాళం వేసి ఆదోనికి వచ్చింది. సాయంత్రం అందరం వసారాలో కూర్చుని ఉన్నాం. పాప ఏడుపు ఆపి అక్క ఒళ్ళో బెల్లం నాకుతోంది. నా ఫోను మోగింది. మగ్గం గది, ట్యాంపర్. వేళ ఆరుకు పది నిమిషాలు తక్కువ.

అక్క నా ముఖం చూసి, పాపను మా ఆవిడ చేతికిచ్చి లేచి నిలబడింది. "అయ్యో, పడుగు సడలియ్యకుండా వచ్చేసినా."

బండి మీద ఇద్దరం బయలుదేరాం. గంట లోపే ఎమ్మిగనూరు చేరాం. తాళం వేసినట్టే ఉంది. పొద్దున అక్క తాళం వేసిన తర్వాత తలుపు తెరిచినట్టు గానీ, మగ్గం గదిలో మనిషి కదిలినట్టు గానీ అలారంలో ఒక్క నమోదు లేదు. ట్యాంపర్ ఒక్కటే ఉంది. అక్క బయలుదేరినప్పటి నుంచి మగ్గం ఆడలేదు కాబట్టి అదురు లేదు. ఎదురుగోడ డబ్బా ఊరుకుంది కాబట్టి చలి కాదు. అక్క ఆదోనిలో నా పక్కనే ఉంది కాబట్టి ఆమె కాదు. నేను టార్చి వేసి డబ్బా అడుగున చూశాను. రెండు గీతలూ విరిగి ఉన్నాయి. అర చుట్టు.

అక్క లైటు కూడా వేయలేదు. నేరుగా గుంట దగ్గరికి పోయి తాడు వదిలింది. కొయ్య మీద చేయి అలాగే పెట్టుకుని, పని నుంచి ఆలస్యంగా వచ్చిన మనిషితో మాట్లాడినంత మామూలుగా, "సడలించినాలేప్పా," అంది.

తర్వాత నేను లైబ్రరీలో చాలా వెతికాను. గాలి తేమ, ఉష్ణం, మర గాట్లలో అరుగుదల, తెలిసినవన్నీ పెట్టి చూశాను. ఒక్కోటి ఒక్కో రోజును వివరిస్తుంది. ఏదీ అన్ని రోజులనూ వివరించదు. దయ్యమని నేను అనను. ఏమని అనాలో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళలో నా దగ్గర జవాబు లేని అలారం ఇదొక్కటే.

ఆ డబ్బా ఇప్పటికీ అదే గోడ మీద ఉంది. ట్యాంపర్‌ను ఆపేయడం నాకు కష్టం కాదు. ఆదోనిలో కూర్చుని ఫోనులో రెండుసార్లు నొక్కితే చాలు, ఇక ఎప్పటికీ మోగదు. నేను నొక్కలేదు. అక్కకు అరవై దగ్గర పడుతున్నాయి. ఏదో ఒక సాయంత్రం మళ్ళీ మరిచిపోతుంది. అప్పుడు ఆమెకు గుర్తుచేసేవాళ్ళు ఒకరు ఉండాలి కదా.